సేవ చేసేవాళ్లే సంఘానికి వేళ్లు
(వార్షికోత్సవ సభలో కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)





ప్రతి ఏడాదీ ఈ సభ చివర వందన సమర్పణ ఉంటుంది. అతిథుల పేర్లు, దాతల పేర్లు, అధికారుల పేర్లు చదువుతాం. ఆఖర్న "వాలంటీర్లందరికీ ధన్యవాదాలు" అని ఒక్క మాట అంటాం. అప్పటికి సగం మంది లేచి భోజనాల వైపు వెళ్లిపోయి ఉంటారు. అక్కడ వడ్డిస్తున్నది కూడా వాలంటీర్లే కాబట్టి వాళ్లకు ఆ ధన్యవాదం వినబడనే వినబడదు. ఈసారి ఆ మాటను చివరికి వదిలేయకుండా సభ మొదట్లోనే మాట్లాడాలని కార్యవర్గం అనుకుంది. ధన్యవాదం చెప్పడానికి మాత్రమే కాదు. మా వల్ల జరిగిన ఒక తప్పు ఒప్పుకోవడానికి, ఇక ముందు ఏం చేయబోతున్నామో మీ ముందు పెట్టడానికి.

ముందు తప్పు సంగతి చెబుతాం.

కొన్నేళ్ల కిందట ఒక ప్రధాన్ పెద్దాయన మన సంఘం కోసం మూడు రాత్రులు కూర్చుని కీకిరి మీద కథ చెప్పారు. మన పెన్‌ల కథ, వంశాల కథ. డిగ్రీ చదువుతున్న ఒక తమ్ముడు తన సొంత సెల్‌ఫోన్‌లో దాన్ని రికార్డు చేశాడు. ఎవరూ చెప్పకుండానే తన చార్జీలతో వచ్చాడు, మూడు రాత్రులూ నిద్ర లేకుండా కూర్చున్నాడు. మేము చప్పట్లు కొట్టాం, ఫొటో దిగాం, ఇంటికి వెళ్లిపోయాం. ఆ రికార్డు ఎక్కడ దాచాలి, ఇంకో కాపీ ఎవరి దగ్గర ఉండాలి, ఎవరు రాసి పెట్టాలి అని మాలో ఒక్కరం కూడా అడగలేదు. ఆ తమ్ముడు చదువైపోయి పని వెతుక్కుంటూ పట్నం వెళ్లాడు. ఫోన్ పాడైంది, మార్చాడు. మేము గుర్తుచేసుకుని అడిగేసరికి రికార్డు లేదు. మళ్లీ చెప్పించుకుందామంటే పెద్దాయన లేరు.

ఇందులో ఆ తమ్ముడి తప్పు ఏమీ లేదు. అతను చేయాల్సిన దానికంటే ఎక్కువే చేశాడు. పని అతను చేశాడు, పద్ధతి పెట్టాల్సిన మేము పెట్టలేదు. ఒక్కో ప్రధాన్ కుటుంబం తరతరాలుగా తనకు సంబంధించిన గోండు వంశం కథను మోసుకొస్తుంది. అలాంటి కథ పోయిందంటే అంగట్లో మళ్లీ కొనుక్కునేది కాదు. ఈ నష్టం సంఘానిది, బాధ్యత కార్యవర్గానిది.

రెండో సంగతి చిన్నదే కానీ అదీ చెప్పాలి. ఒక చెల్లి కార్యాలయానికి వచ్చి, "దాదా, నాకు కంప్యూటర్ వచ్చు, గోండి వచ్చు, సెలవుల్లో ఖాళీ. నాకేం పని ఉంది?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు. "జాతరప్పుడు రా, చెబుతాం" అన్నాం. ఆ అమ్మాయి మళ్లీ రాలేదు. అప్పుడు మా దగ్గర చేయాల్సిన పని లేక కాదు. రాయాల్సిన పాటలు, ఎక్కించాల్సిన ఫొటోలు, తయారు చేయాల్సిన పిల్లల పుస్తకాలు అన్నీ మూటగట్టి ఉన్నాయి. ఏ పని ఎవరికి ఇవ్వాలో మేము ముందుగా ఆలోచించి పెట్టుకోలేదు, అంతే.

మన సంఘంలో జీతం తీసుకునేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. మిగతా పని అంతా ఇష్టంతో వచ్చి చేసేవాళ్లదే. అయినా ఏడాది పనుల పట్టిక వేసేటప్పుడు జీతగాళ్ల గురించి మాత్రమే ఆలోచిస్తాం. వాలంటీర్లు వానలాగా వాళ్లంతట వాళ్లే వస్తారనుకుంటాం. వస్తే మంచిదే, రాకపోతే "ఈ కాలం పిల్లలకు సేవ లేదు" అని నిందిస్తాం. ఈ అలవాటు మారాలి. వాలంటీర్లు సంఘం మనుషుల లెక్కలో మొదటి నుంచే ఉండాలి.

దీనికోసం పట్నం నుంచి కొత్త పాఠం తెచ్చుకోనక్కరలేదు. కేస్లాపూర్ వైపు చూస్తే చాలు.

పుష్య అమావాస్యకు జరిగే నాగోబా జాతర మీ అందరికీ తెలిసిందే. దాన్ని మనం భక్తితో చూస్తాం. ఒకసారి పని ఏర్పాటుగా కూడా చూద్దాం. జాతరకు ముందే కచ్చురం కట్టుకుని ఊరూరా తిరిగి కబురు చెప్పేవాళ్లు ఉంటారు. కుండలు సిరికొండ కుమ్మరుల నుంచే రావాలి, ఆ సంగతి వాళ్లకూ తెలుసు, మెస్రం వంశానికీ తెలుసు. ఝరి పట్టుకుని కాలినడకన హస్తినమడుగు దాకా వెళ్లి గోదావరి జలం తెచ్చేవాళ్లు ఉంటారు. వాళ్లు తిరిగొచ్చి మర్రిచెట్ల కింద ఎక్కడ దిగాలో తెలుసు. ఎన్ని వేల మంది వంశస్థులు వచ్చినా వంట 22 పొయ్యిల మీదే, వంతుల ప్రకారం జరుగుతుంది. ఆడపడుచులకు వేరే పని, అల్లుళ్లకు వేరే పని, నీళ్లు తేవడం, పుట్టమన్ను సిద్ధం చేయడం అన్నీ ఒప్పగించి ఉన్నాయి. ఇందులో ఎవరికీ జీతం లేదు. "ఇది ఎవరు చేస్తారు?" అని ఆఖరి నిమిషంలో అడిగేవాళ్లూ లేరు.

కొత్త కోడళ్ల సంగతి చూడండి. భేటింగ్ జరిగి, పెద్దలు దేవుడి ముందు పరిచయం చేసిన తర్వాతే ఆమె వంశంలో పూర్తి మనిషి. అంటే కొత్తగా వచ్చిన మనిషిని ఊరికే లోపలికి తోసేయరు. పేరు పెట్టి పిలిచి, పెద్దవాళ్లకు చూపించి, ఇక నువ్వు మాలో ఒకదానివి అని చెబుతారు. మన సంఘంలో కొత్తగా వచ్చిన వాలంటీరును మనం అలా ఎప్పుడైనా పరిచయం చేశామా? ఒక సంచి చేతికిచ్చి "ఆ కుర్చీలు సర్దు" అన్నామంతే.

నాగోబా జాతర నుంచి మేము నేర్చుకున్నవి నాలుగు. పని ముందే తెలిసి ఉండాలి. ఆ పనికి ఫలానా మనుషులు అని ఉండాలి. కొత్తవాళ్లను లోపలికి తీసుకునే పద్ధతి ఉండాలి. ఒక్కరి మీదే భారం పడకుండా వంతు ఉండాలి.

అయితే ఒక తేడా మరచిపోకూడదు. వంశంలో పని పుట్టుకతో, పెళ్లితో వస్తుంది. సంఘంలో ఎవరూ పుట్టరు. ఇక్కడికి గోండులు, ప్రధాన్లు, తోటిలు, కొలాములు, నాయకపోడులు, అందరి పిల్లలూ ఇష్టపడి వస్తారు. ఇష్టం తగ్గితే వెళ్లిపోతారు. వంశం వందల ఏళ్లుగా జ్ఞాపకంలో పెట్టుకున్నదాన్ని మనం కాగితం మీద పెట్టుకోవాలి. వాళ్లకు చుట్టరికం చేసే పనిని మనకు మాట, మర్యాద, పద్ధతి చేయాలి.

మన చరిత్రలో ఇంకా ఉదాహరణలు ఉన్నాయి. 1940లో కుమ్రం భీం అమరుడైన తర్వాత, ఆ దశాబ్దం తొలి ఏళ్లలో హైమన్‌డార్ఫ్ దంపతులు మార్లవాయిలో ఉండి పని చేశారు. అక్కడ బడి పెట్టినప్పుడు బయటి నుంచి పంతుళ్లను తెచ్చి నింపలేదు. మన గోండు యువకులనే ఎంచుకుని, శిక్షణ ఇచ్చి, మళ్లీ మన గూడేలకే పంపారు. ఎంచుకోవడం, నేర్పడం, పంపడం అని మూడు మెట్లు ఉన్నాయి. మనం మొదటి మెట్టు ఎక్కి ఆగిపోతున్నాం.

శ్రీకాకుళం వైపు గిడుగు రామమూర్తి గారిని వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా అందరూ తలుచుకుంటారు. ఆయన సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే పుస్తకాలు రాసిన మనిషి కూడా. ఎవరూ ఆయన్ని నియమించలేదు. కానీ అది సరదాకు నాలుగు రోజులు చేసిన పని కాదు. 1931లో సవర భాష మీద ఆయన ఇంగ్లిష్‌లో రాసిన పుస్తకం వచ్చేనాటికి ఆ పనిలో ఎన్నో ఏళ్లు గడిచాయి. సేవ అంటే అంత ఓపిక, అంత క్రమం.

మన దగ్గర గుంజాల సంగతి మొన్నమొన్నటిది. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపిని చదవగలిగిన పెద్దలు అప్పటికి కొద్దిమందే మిగిలారు. ఆచార్య జయధీర్ తిరుమలరావు గారు, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం వాళ్లు కలిసి పని చేశారు. పెద్దలు నేర్పారు, ఊరి యువకులు నేర్చుకుని పిల్లలకు చెప్పారు. 2018లో ఆ లిపి యూనికోడ్‌లో చేరింది. పెద్దల దగ్గర ఉన్నది యువకుల చేతికి అందింది కాబట్టే ఇది సాధ్యమైంది. 2011 జనగణన ప్రకారం దేశంలో గోండి మాట్లాడేవాళ్లు దాదాపు 30 లక్షల మంది. అయినా మన భాష రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో లేదు. ప్రభుత్వం చేసే దాకా ఆగితే మన పిల్లల పుస్తకాలు రావు. వాటిని చేసేది మన వాలంటీర్లే.

ఇప్పుడు మాకు ఎదురైన అభ్యంతరాలు చెబుతాం. కార్యవర్గంలోనే వీటి మీద గట్టిగా వాదించుకున్నాం.

"సేవకు రూల్స్ ఏమిటి? కాగితాలు పెడితే సేవ పోయి ఉద్యోగం అవుతుంది" అన్నారు కొందరు పెద్దలు. మేము అడిగింది ఒక్కటే. దండారికి పద్ధతి లేదా? గుస్సాడి వేసే మనిషికి దీక్ష లేదా? నెమలి ఈకల టోపీ ఎప్పుడు తీయాలి, ఎక్కడ పెట్టాలి అన్నదానికి కూడా నియమం ఉంది కదా. ఆ నియమాల వల్ల గుస్సాడి తగ్గలేదు, నిలబడింది. మార్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చిందంటే ఒక్క నాట్యానికి కాదు, ఆ క్రమాన్ని జీవితమంతా పాటించి, పిల్లలకు నేర్పినందుకు కూడా. పద్ధతి సేవకు శత్రువు కాదు.

"వాలంటీర్లు ఉంటే జీతాలు ఎందుకు, మిగిలిన డబ్బు కార్యక్రమాలకు వాడొచ్చు కదా" అన్నారు ఇంకొందరు. ఇది ప్రమాదకరమైన మాట. లెక్కలు రాసే పని, కార్యాలయం తాళం, భద్రపరిచిన రికార్డుల పూచీ, ఇవి రోజూ ఉండే పనులు. వీటిని ఉచితంగా చేయమని ఒక పేద పిల్లవాడిని అడగడం సేవ కాదు, వాడుకోవడం. జీతం ఇవ్వాల్సిన పనికి జీతం ఇవ్వాలి. వాలంటీరు చేసేది దానికి తోడుగా ఉండాలి, దాని బదులుగా కాదు.

"మరి వాలంటీరుకు ఏమిస్తారు?" అన్నది మూడో ప్రశ్న. పక్క ఆంధ్రప్రదేశ్‌లో 2019లో 50 ఇళ్లకు ఒకరు చొప్పున, నెలకు 5 వేల రూపాయల గౌరవ వేతనంతో పెట్టినవాళ్లను వాలంటీర్లు అన్నారు. అందుకని ఆ మాట వినగానే అక్కడి మన చుట్టాలు "నెలకెంత?" అని అడుగుతారు. మనది అలాంటి ఏర్పాటు కాదు, మనం జీతం ఇవ్వలేం. కానీ చేతి డబ్బు పోకుండా చూడగలం. పత్తి ఏరే రోజుల్లో ఒక చెల్లి మన కార్యక్రమానికి వచ్చిందంటే ఆ రోజు కూలి వదులుకుని వచ్చింది. దాని మీద బస్సు చార్జీలు, మధ్యాహ్నం టీ, ఫోన్ రీచార్జి కూడా ఆమె జేబులోంచే పోతే, రెండోసారి ఎలా వస్తుంది? చార్జీలు, భోజనం ఇవ్వకపోతే వాలంటీర్లుగా మిగిలేది ఉద్యోగస్తుల పిల్లలే. గూడెం పిల్లలు మిగలరు. అప్పుడు ఇది గూడెం సంఘం అని చెప్పుకునే హక్కు మనకు ఉండదు.

ఈ వాదనలన్నీ అయ్యాక కార్యవర్గం కొన్ని నిర్ణయాలు తీసుకుంది. మీ ముందు పెడుతున్నాం. మార్పులు చెబితే తీసుకుంటాం.

మొదటిది, పనుల జాబితా. ఏడాదికి సంఘం చేసే పనులన్నీ మూడు గంపలుగా విడదీస్తాం. జీతం ఇచ్చి చేయించాల్సినవి ఒకటి. వాలంటీర్లు చేయగలిగినవి ఒకటి. పెద్దల అనుమతి లేకుండా ఎవరూ చేయకూడనివి ఒకటి. ఈ మూడో గంప ముఖ్యం. పూజలో పాడే కొన్ని పాటలు, పెన్‌లకు సంబంధించిన కొన్ని పనులు రికార్డు చేయడానికి, బయట పెట్టడానికి వీలు లేనివి. అది కటోడా చెప్పాలి, కెమెరా పట్టుకున్న పిల్లవాడు నిర్ణయించకూడదు.

రెండోది, రెండో గంపలో ఉన్న ఒక్కో పనికి ఒక్కో కాగితం. అందులో పని ఏమిటి, ఎన్ని రోజులు, ఎవరిని అడగాలి, ఏం నేర్పుతాం, ఏ ఖర్చు ఇస్తాం అని తెలుగులో, గోండిలో రాసి ఉంటుంది. "నాకేం పని ఉంది?" అని ఇంకో చెల్లి వచ్చి అడిగితే ఆ కాగితాల కట్ట ఆమె ముందు పెడతాం, ఎంచుకోమంటాం.

మూడోది, పని కాలాన్ని మన కాలంతో కలపడం. ఇన్నాళ్లూ ఆఫీసు క్యాలెండర్ చూసి వాలంటీర్లను పిలిచాం. జూన్‌లో విత్తనాల పని. దీపావళికి దండారి. చలికాలం అంతా పత్తి. పుష్యంలో జాతర. ఎండాకాలం మొదట్లో ఇప్పపూలు, తర్వాత తునికాకు. వీటి మధ్య ఉన్న ఖాళీలోనే శిక్షణ పెట్టాలి. కాలేజీ పిల్లలకు పరీక్షల కాలం వేరు. ఇద్దరికీ ఒకే తేదీ పెట్టి, రాలేదని అలగడం ఇక ఉండదు.

నాలుగోది, జంట పద్ధతి. ప్రతి పెద్దకు ఒక చిన్న, ప్రతి పాతవారికి ఒక కొత్తవారు. పాటలు, కథలు సేకరించే పనిలో ఇది తప్పనిసరి. రికార్డు చేసిన రోజే రెండు కాపీలు, ఒకటి కార్యాలయంలో, ఒకటి పాడిన పెద్దల ఇంట్లో. ఎవరు పాడారు, ఏ ఊరు, ఏ తేదీ, ఎవరికి వినిపించవచ్చు అని అక్కడికక్కడే రాసి, ఆ పెద్దల సమ్మతి తీసుకోవాలి. మూడు రాత్రుల కథ పోగొట్టుకున్నవాళ్లం మేము. ఇది మళ్లీ జరగనివ్వం.

ఐదోది, శిక్షణ. కొన్ని పనుల్లో మంచి మనసు ఒక్కటే చాలదు. అటవీ హక్కుల చట్టం 2006 కింద దరఖాస్తులు నింపడానికి మన పిల్లలు ఊళ్లకు వెళుతున్నారు. వ్యక్తిగత హక్కుకు ఫారం-ఎ, సామూహిక హక్కుకు ఫారం-బి, సామూహిక అటవీ వనరులకు ఫారం-సి. 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి సాగులో ఉన్నట్టు చూపాలి. పెద్దల వాంగ్మూలం రాతలో పెడితే అది కూడా సాక్ష్యంగా చెల్లుతుంది. ఇది తెలియక ఒక గడి తప్పు నింపితే ఒక కుటుంబం భూమి ఏళ్ల తరబడి చిక్కులో పడుతుంది. సికిల్ సెల్ విషయం కూడా అంతే. 2023లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద పరీక్షలు జరుగుతున్నాయి. పరీక్షకు రమ్మని చెప్పే వాలంటీరు, ఆ ఫలితాన్ని పెళ్లి సంబంధాల దగ్గర నోరు జారకూడదు. ఇలాంటి పనులకు శిక్షణ లేకుండా ఎవరినీ పంపం.

ఆరోది, పిల్లల భద్రత. హాస్టళ్లకు వెళ్లి పాట, ఆట, చదువు నేర్పే వాలంటీర్లు ఎవరైనా ముందుగా హాస్టల్ అధికారుల అనుమతి తీసుకోవాలి. ఒక్కరే వెళ్లకూడదు, ఇద్దరు వెళ్లాలి. పిల్లలతో ఒంటరిగా గదిలో ఉండకూడదు. మనవాడే కదా అని సడలింపు లేదు. పోక్సో చట్టం 2012 గురించి ప్రతి వాలంటీరుకు ముందే చెబుతాం. నమ్మకం ఉన్న చోటే జాగ్రత్త ఎక్కువ ఉండాలి.

ఏడోది, ఆడవాళ్ల పని. ఏ సభ చూసినా వంట, శుభ్రం చేయడం, బొట్టు పెట్టి స్వాగతం చెప్పడం చెల్లెళ్లకు. మైకు, కెమెరా, డబ్బు లెక్క తమ్ముళ్లకు. ఇది మేము కూర్చుని నిర్ణయించింది కాదు. ఎవరూ నిర్ణయించనందువల్లే అలా జరుగుతోంది. ఇక నుంచి వంతులు రాసి పెడతాం. వంటకు తమ్ముళ్లూ నిలబడతారు, మైకు చెల్లెళ్లూ పట్టుకుంటారు. రాత్రి దాటాక ఆడపిల్లలను ఇంటికి చేర్చే బండి ఖర్చు కార్యక్రమం ఖర్చులో ముందే చేర్చాలి.

ఎనిమిదోది, డబ్బు. బడ్జెట్‌లో "వాలంటీర్లు" అని విడిగా ఒక పద్దు ఉంటుంది. చార్జీలు, భోజనం, శిక్షణ, గుర్తింపు కార్డు, రికార్డు భద్రపరిచే పరికరాలు అందులోకి వస్తాయి. దాతలకు మా విన్నపం. వేదికకు పూల అలంకరణ ఇచ్చే బదులు ఈ పద్దుకు ఇవ్వండి. పూలు సాయంత్రానికి వాడిపోతాయి.

తొమ్మిదోది, బాధ్యత. కార్యవర్గంలో ఒకరికి వాలంటీర్ల పనే పనిగా అప్పగించాం. ఇబ్బంది వచ్చినా, మనస్తాపం కలిగినా ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియాలి. కార్యవర్గ సమావేశాల్లో వాలంటీర్లు ఎన్నుకున్న ఇద్దరు కూర్చుంటారు. వాళ్లలో ఒకరు మహిళ. వాళ్ల పని గురించి వాళ్లు లేకుండా నిర్ణయాలు తీసుకోం.

పదోది, వీడ్కోలు. పట్నానికో, ఉద్యోగానికో, అత్తగారింటికో వెళ్లే వాలంటీరు మనల్ని విడిచి వెళ్లినట్టు కాదు. పని అప్పగించి వెళ్లడానికి ఒక రోజు, చేసిన పని రాసి ఇచ్చే ఒక పత్రం, అందరి ముందు ఒక మాట ఉండాలి. దూరంగా ఉన్నా చేయగలిగిన పని ఇస్తాం. హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో కంప్యూటర్ ముందు కూర్చునే మన పిల్లలు వారానికి ఒక గంట గుంజాల గోండి అక్షరాల్లో పాటలు టైపు చేసి పంపగలరు. ఊరు విడిచిన వాళ్లకు ఊరితో ఒక తాడు మిగులుతుంది.

వీటిని ఎలా కొలుస్తారు అని ఒక ఉపాధ్యాయ మిత్రుడు అడిగారు. జాతీయ సేవా పథకంలో ఏడాదికి 120 గంటలు, రెండేళ్లలో 240 గంటలు, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం అని లెక్క ఉంది. గంటల లెక్క మంచిదే, కాలేజీ పిల్లలకు ఆ పత్రం ఉపయోగపడుతుంది. మేము మాత్రం ఇంకో లెక్క కూడా చూస్తాం. ఈ ఏడాది వచ్చినవాళ్లలో మళ్లీ ఏడాది ఎంతమంది తిరిగి వచ్చారు? వెళ్లినవాళ్లు ఎందుకు వెళ్లారు? రాకపోయినవాళ్ల ఇంటికి వెళ్లి అడిగి, వచ్చే వార్షికోత్సవంలో ఆ జవాబులు ఇక్కడే చదువుతాం. మాకు ఇబ్బంది కలిగించే జవాబులైనా సరే.

ఇవన్నీ ఒక్క ఏడాదిలో అవుతాయని చెప్పడం లేదు. ముందు మూడు పనులతో మొదలుపెడతాం. పెద్దల పాటలు, కథలు రికార్డు చేయడం, హాస్టల్ పిల్లలకు గోండి నేర్పడం, అటవీ హక్కుల దరఖాస్తులకు సాయం చేయడం. ఈ మూడింటిలో పద్ధతి కుదిరితే మిగతావాటికి పోదాం. 2026ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ స్వచ్ఛంద సేవకుల సంవత్సరంగా ప్రకటించింది. ప్రపంచం కొత్తగా తలుచుకుంటున్నదాన్ని మనం పలకరింపులోనే పెట్టుకున్నాం. ఇద్దరు కలిస్తే "జై సేవా" అంటాం. ఆ మాట నోటి దగ్గర ఆగకూడదు.

ముగించే ముందు ఇంకొక సంగతి. రికార్డు పోయిన తర్వాత ఆ తమ్ముడు చాలాకాలం మాకు మొహం చూపించలేదు. తప్పు తనదని అనుకున్నాడు. ఈ నిర్ణయాలు తీసుకున్న రోజు మాలో ఇద్దరం అతని ఇంటికి వెళ్లి, తప్పు నీది కాదు, మాది అని చెప్పాం. అతను కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆయన చెప్పిన దాంట్లో నాకు గుర్తున్నది రాసి పెట్టాను దాదా, పూర్తిగా లేదు" అని ఒక నోటుపుస్తకం తెచ్చి ఇచ్చాడు. సగం కథే ఉంది. కానీ ఆ సగం ఇప్పుడు రెండు కాపీలుగా ఉంది. మిగతా సగం కోసం ఆ పెద్దాయన చుట్టాల గూడేలకు వెళ్లే మొదటి జంటలో అతనే పెద్ద. అతనితో వెళ్లే కొత్తవారి పేరు దగ్గర ఇంకా ఖాళీ ఉంది.

బయటికి వెళ్లే దారిలో, భోజనాల పందిరి పక్కన ఒక బల్ల వేసి రిజిస్టరు పెట్టాం. మీ పేరు, ఊరు, మీకు వచ్చిన పని, ఏ నెలల్లో ఖాళీ అన్నది రాయండి. రాయడం రానివాళ్లు చెబితే మేము రాస్తాం. మీకు వచ్చినది పాట కావచ్చు, మందు ఆకుల గుర్తు కావచ్చు, పెప్రే ఊదడం కావచ్చు, కంప్యూటర్ కావచ్చు, వందమందికి వంట కావచ్చు. పది రోజుల్లో మీకు ఫోన్ వస్తుంది. రాకపోతే మమ్మల్ని నిలదీయండి.

ఈ సభ చివర వందన సమర్పణలో ఈసారి వాలంటీర్ల పేర్లు ఒక్కొక్కటిగా, ముందుగా చదువుతాం. దయచేసి అప్పటిదాకా ఎవరూ భోజనానికి లేవకండి. వడ్డించే వాళ్లూ ఇక్కడే కూర్చుని తమ పేరు వింటారు. తర్వాత అందరం కలిసి వెళదాం. ఈ పూట వడ్డన కార్యవర్గానిది.

జై సేవా!